దాచిన పత్తి గింజలు ఎందుకు పనికిరాలేదు?

ప్రశ్న: మాది తాడికొండ దగ్గర పల్లె. గుంటూరులో ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. నాన్న ఏటా బీటీ పత్తి వేస్తారు. కిందటేడు ఖర్చు తగ్గుతుందని, ఇంట్లో దాచిన గింజలు అరెకరంలో వేశారు. మొలిచాయి కానీ కొన్ని నడుము ఎత్తు పెరిగితే కొన్ని మోకాలి దగ్గరే ఆగిపోయాయి. కాయల్లో పురుగు కూడా పడింది. బీటీ జన్యువు ఎక్కించిన గింజ రెండోసారి చచ్చిపోతుందని ఊళ్ళో అంటున్నారు. నిజమేనా? అసలు జన్యువు, డీఎన్‌ఏ ఒకటేనా?

– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మాయీ, ‘మొలిచాయి’ అని నువ్వే రాశావు. మొలిచిన గింజ చచ్చినది ఎలా అవుతుంది? మీ చేలో మొక్కలు ఎగుడుదిగుడుగా పెరగడానికి కారణం బీటీ కాదు, ఆ గింజ హైబ్రిడ్ కావడం. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్ల రైతులు అనవసరంగా భయపడుతున్నారు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ముందు నీ రెండో ప్రశ్న. డీఎన్‌ఏ ఒక పొడవాటి దారం. అందులో ఒక ప్రోటీన్ ఎలా తయారు కావాలో రాసి ఉన్న భాగం జన్యువు. ఆ దారం చుట్టుకున్న కండె క్రోమోజోమ్. మన కణంలో అలాంటి కండెలు 46. మీ చేలోని పత్తి మొక్క కణంలో 52.

ఆ దారాన్ని కళ్ళతో చూడవచ్చు. సగం అరటిపండు చిదిమి, అర గ్లాసు నీళ్ళు, చిటికెడు ఉప్పు, చెంచాడు గిన్నెలు కడిగే ద్రవం వేసి నురగ రాకుండా కలుపు. పలుచని గుడ్డలో వడకట్టు. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను సీసాతోనే ఐసు నీళ్ళలో చల్లబరిచి, గ్లాసు అంచు వెంట మెల్లగా వంపు. పొయ్యి దగ్గర మాత్రం వద్దు. కాసేపటికి రెండు పొరల మధ్య నుంచి తెల్లని పోగులు లేస్తాయి. పుల్లతో తిప్పితే తడిసిన దూదిలా చుట్టుకుంటాయి. లక్షల కణాల డీఎన్‌ఏ అది. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఆ పుల్ల చేతికిచ్చినప్పుడు పిల్లల ముఖాలు వెలిగినట్టు బోర్డు మీద బొమ్మ గీసినప్పుడు ఎన్నడూ వెలగలేదు.

ఇక బీటీ. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా పేరులోని రెండు పొడి అక్షరాలవి. దాని జన్యువు ఒకటి పత్తిలో చేర్చారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ తిన్న గొంగళిపురుగు పేగుకు చిల్లులు పడతాయి. క్రై1ఏసీ అనే ఆ జన్యువున్న పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 2006లో క్రై2ఏబీ అనే రెండో జన్యువు కూడా కలిపిన పత్తి వచ్చింది.

హైబ్రిడ్ సంగతి వేరు. రెండు రకాల తల్లిదండ్రులను కలిపితే తొలి తరం మొక్కలన్నీ ఒకే తీరుగా ఏపుగా వస్తాయి. వాటి గింజలు వేస్తే జన్యువులు మళ్ళీ పంచుకుపోతాయి. నీ పాఠ్యపుస్తకంలోని మెండెల్ బఠానీల లెక్కే ఇది. బీటీ జన్యువు ఒక్క వైపు నుంచే వచ్చి ఉంటే, నాలుగు మొక్కల్లో ఒకదానికి అది ఉండదు, ఆ మొక్క పురుగును ఆపలేదు.

అయితే కాయ తొలిచే గులాబీ రంగు పురుగు ఆ రెండు జన్యువుల ప్రోటీన్లనూ తట్టుకోవడం నేర్చింది. కొత్త ప్యాకెట్ వేసినా అది వస్తుంది. అందుకని పూత మొదలవగానే చేలో తిరుగుతూ, రేకులు విచ్చకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూల కోసం చూడండి. ఒకటి విప్పితే లోపల పురుగు కనిపిస్తుంది. అవి కనబడితే ఏరి నాశనం చేసి, మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎన్ని పెట్టాలో గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రమైన లాం ఫారంలో అడగమని నాన్నగారికి చెప్పు.