వికీపీడియాలో ఆడో మగో చెప్పాలా?

తెలుగు వికీపీడియాలో ఖాతా తెరిచి, అభిరుచుల (అంటే సెట్టింగుల) పేజీలో మిమ్మల్ని ఆమె అనాలా, అతను అనాలా అన్నచోట ఆగిపోయానన్నారు కదండీ. టెన్షన్ వద్దు, అది తప్పనిసరి కాదు. వదిలేయండి. ఎంచుకుంటే మాత్రం అందరికీ తెలుస్తుంది. కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు.

నన్నడిగితే అసలు జాగ్రత్త పడాల్సింది వాడుకరి పేరు దగ్గర. పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం అన్నీ కలిపి పెట్టేస్తే ఇక దాచడానికేం మిగిలింది? తర్వాత పేరు మార్పించుకున్నా, పాత చర్చల్లో పాత పేరుతో చేసిన సంతకాలు అలాగే ఉండిపోతాయి. వ్యాసం రాయడానికి మీరెవరో ఎవరికీ అక్కర్లేదు, సరైన ఆధారాలిస్తే చాలు. మహిళగానే కనబడాలనుకుంటే నిక్షేపంగా చెప్పండి, అక్కడ ఆడవాళ్లు ఎలాగూ తక్కువే. ఎవరైనా వెంటపడి విసిగిస్తే వాదించకుండా, వాళ్లు పేజీలో చేసిన ఆ మార్పు లింకును నిర్వాహకులకు పంపండి.