ఎఫ్‌డీ మొత్తం తీసి జిమ్నీ కొనొద్దు, 9 లక్షలు దాటితే వదిలేయండి

ప్రశ్న: మాది పాడేరు. నేను ప్రభుత్వ టీచర్ని, నా భార్య కాంట్రాక్టు స్టాఫ్ నర్సు. పిల్లలకు 10, 6 ఏళ్లు. అమ్మ ఊళ్లో అన్నయ్య దగ్గర ఉంటుంది, పండగలకీ, మూడు నెలలకోసారి విశాఖ ఆస్పత్రికీ మాతో వస్తుంది. నేను పనిచేసే బడి 18 కిలోమీటర్ల దూరం. చివరి 5 కిలోమీటర్లు మట్టి దారి, మధ్యలో వాగు. వానాకాలంలో బైకు మీద వెళ్లలేకపోతున్నాను. విశాఖలో ఒక పాత మారుతి జిమ్నీ, జీటా రకం, మాన్యువల్ గేర్లది చూశాం. 2023 తయారీ, 2024 జనవరి రిజిస్ట్రేషన్, 31,000 కిలోమీటర్లు తిరిగింది, 9.8 లక్షలు చెబుతున్నారు. 2012 మారుతి జిప్సీ హార్డ్‌టాప్ ఒకటి 4.25 లక్షలకు ఉంది. కొందరు మహీంద్రా థార్ చూడమంటున్నారు. ఇద్దరి చేతికొచ్చే జీతం 98,000. ఇంటి లోను 22,000, ఇంటి ఖర్చు 38,000, ఫీజులు నెలకు సగటున 8,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 8,000. ఎఫ్‌డీలో 8 లక్షలున్నాయి. అది మొత్తం తీసి, తక్కువైన దానికి చిన్న లోను పెట్టి జిమ్నీ కొనేద్దామా?

జవాబు: మీ దారికి ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి అవసరమే. ఎర్రమట్టిలో వాన పడ్డాక ముందు చక్రాలతో నడిచే కారు ఎంత ఎత్తుగా ఉన్నా జారుతుంది. కాబట్టి బండి కొనాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఎంతలో కొనాలి, ఆ డబ్బు ఎక్కడి నుంచి తీయాలి, ఈ రెండే తేలాలి.

ముందు ఎఫ్‌డీ సంగతి. మీ ఇంటికి నెలకు తప్పనిసరి ఖర్చు 68,000. మీ భార్యది కాంట్రాక్టు ఉద్యోగం. రెన్యువల్ ఆలస్యమైనా, జీతాలు రెండు మూడు నెలలు ఆగినా ఆ భారం మీ ఒక్క జీతం మీదే పడుతుంది. అందుకని నాలుగు నెలల ఖర్చు, అంటే సుమారు 2.75 లక్షలు ఎఫ్‌డీలోనే ఉండాలి. ఇంకో 75,000 బండికి మొదటి ఏడాది అయ్యే ఖర్చుల కోసం విడిగా పెట్టండి. పాత ఫోర్ బై ఫోర్ కొన్న ఏడాదిలోనే టైర్లు, బ్యాటరీ, గేర్ ఆయిళ్లు, బ్రేక్ ప్యాడ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక్క టైర్ల సెట్టుకే సుమారు 30 వేలు పోతాయి. ఇవి తీసేస్తే మీ చేతిలో డౌన్‌పేమెంటుకు మిగిలేది 4.5 లక్షలు.

ఇప్పుడు నెలవారీ లెక్క. జీతంలో మీకు మిగులుతున్నది 22,000. బైకు పెట్రోలు ఆదా 2,500 అనుకుందాం, మొత్తం 24,500. మీ బడి దారి, విశాఖ ప్రయాణాలు కలిపి ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతారు. జిమ్నీ మాన్యువల్‌కు కంపెనీ చెప్పే మైలేజీ 16.94. ఘాట్ రోడ్డు, మట్టి దారిలో 13కి మించి లెక్క వేయకండి. లీటరు 110 చొప్పున నెలకు 8,500 పెట్రోలుకే. ఇన్సూరెన్సుకు నెలకు 2,000, సర్వీసు, టైర్లకు 2,000 పక్కన పెట్టాలి. మొత్తం 12,500. మిగిలే 12,000 మీరు కట్టగలిగే వాయిదా. వడ్డీ 12.5 శాతం, గడువు నాలుగేళ్లు అయితే లక్షకు వాయిదా సుమారు 2,660 పడుతుంది. ఆ 12,000కు వచ్చే లోను 4.5 లక్షలు. డౌన్‌పేమెంటు 4.5, లోను 4.5. మీ గరిష్ఠ ధర 9 లక్షలు, పేరు మార్పిడి ఖర్చు కూడా అందులోనే. సిప్ ఆపి ఇంకో లక్ష సర్దుదామన్న ఆలోచన రానివ్వకండి. పెద్దపిల్లకో పిల్లాడికో పదేళ్లు వచ్చేశాయి, కాలేజీ ఫీజులకు మిగిలింది ఏడెనిమిదేళ్లే.

లోను అడిగేటప్పుడు జాగ్రత్త. పాత బండ్ల మీద ఫైనాన్సు కంపెనీలు తరచుగా ఫ్లాట్ వడ్డీ, అంటే బాకీ తగ్గుతున్నా మొదటి మొత్తం మీదే వేసే వడ్డీ చెబుతాయి. 8 శాతం ఫ్లాట్ అంటే చౌకగా వినిపిస్తుంది. 4.5 లక్షల మీద నాలుగేళ్లకు 1.44 లక్షల వడ్డీ, వాయిదా 12,375. తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది 14 శాతం దాటిపోతుంది. పైన చెప్పిన 12.5 శాతం లోనులో మొత్తం వడ్డీ సుమారు 1.24 లక్షలే. శాలరీ ఖాతా ఉన్న బ్యాంకులో ముందు అడగండి. ముందుగా తీర్చేస్తే చార్జీ ఎంతో కాగితం మీద రాయించుకోండి.

ఇక 9.8 లక్షలు ఎందుకు ఎక్కువో చూద్దాం. అమ్మకందారు బేరానికి పెట్టుకునేది బండి విడుదలైనప్పటి ధర. 2023 జూన్‌లో జీటా మాన్యువల్ ఎక్స్‌షోరూం 12.74 లక్షలు. కానీ ఆ ఏడాది చివరికల్లా జిమ్నీ మీద భారీ తగ్గింపులు వచ్చాయి. డిసెంబరులో వచ్చిన జిమ్నీ థండర్ ఎడిషన్ ప్రారంభ ధరే 10.74 లక్షలు. మీరు చూసిన బండి 2023 తయారీ, 2024 జనవరి రిజిస్ట్రేషన్. పాత ఏడాది స్టాకు కాబట్టి మంచి తగ్గింపుతో వెళ్లి ఉండే అవకాశం ఎక్కువ. అసలు ఇన్వాయిస్ చూపించమని అడగండి. దాన్ని 2024 మోడల్ అని చెప్పినా ఒప్పుకోకండి. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాళ్లు చూసేది అదే.

రెండోది, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. జిమ్నీ మీద సెస్‌తో కలిపి 45 శాతం ఉన్న పన్ను 40కి వచ్చింది. 12.74 లక్షల బండి మీద అది సుమారు 44,000 తగ్గుదల. కొత్తది తగ్గితే పాతదీ తగ్గాలి. విశాఖలో మారుతి వాళ్ల నెక్సా షోరూంకి వెళ్లి కొత్త జీటాకు తగ్గింపు పోను ఆన్‌రోడ్ కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం, పాత ఇన్వాయిస్ చేతిలో పెట్టుకుని 8.5 దగ్గర బేరం మొదలుపెట్టండి. డీలరు దగ్గర కొంటుంటే ఇంకో మాట. పాత కార్ల మీద 18 శాతం జీఎస్టీ డీలరు లాభం మీదే తప్ప బండి మొత్తం ధర మీద కాదు. చివర్లో జీఎస్టీ అంటూ అదనంగా అడిగితే కట్టనక్కర్లేదు, బేరమాడిన ధరే ఆఖరి ధర.

మీ అమ్మగారి విషయం. జిమ్నీ నాలుగు సీట్ల బండి. ఐదుగురు వెళ్లే రోజున ఒకరికి సీటూ ఉండదు, బెల్టూ ఉండదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే 1,000 జరిమానా. డబ్బు కన్నా ఘాట్ మలుపుల్లో ఒళ్లో కూర్చున్న పిల్లవాడి ప్రాణం ముఖ్యం. ఏడాదిలో ఆరేడు సార్లకే ఐదో సీటు కావాలి కాబట్టి, ఆస్పత్రికి మీరూ అమ్మగారూ జిమ్నీలో వెళ్లండి, పండగ రోజుల్లో ఐదుగురికీ కిరాయి కారు మాట్లాడుకోండి. ఆ కొద్ది రోజుల కోసం పెద్ద బండి వాయిదా నాలుగేళ్లు మోయడం దండగ. అమ్మగారు రేపు మీ ఇంటికే వచ్చి ఉండిపోయేటట్టయితే మాత్రం జిమ్నీ వద్దు, మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి.

జిప్సీ మీ డబ్బుకు లోను లేకుండానే వస్తుంది, పర్వత దారుల్లో దాని సత్తాకు వంక పెట్టలేం. అయినా మీకు వద్దు. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, వెనక కూర్చునేది పక్కకు తిరిగిన బెంచీల మీద. పిల్లలు కూర్చునే చోటు అదే. పైగా 2012 బండికి 2027తో పదిహేనేళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్, ఆర్‌సీ రెన్యువల్, గ్రీన్ టాక్స్ మొదలవుతాయి. వేలంలో వచ్చిన సైన్యం బండ్లను ఆలివ్ గ్రీన్ రంగుతోనే అమ్ముతుంటారు. ఆ రంగు రక్షణ శాఖకే పరిమితం, మనం వేసుకోకూడదు.

థార్ కూడా నాలుగు సీట్లే, పైగా మూడు తలుపులు. వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు మడవాలి. 2023 జనవరి నుంచి వెనక చక్రాలతో మాత్రమే నడిచే 1.5 డీజిల్ రకం కూడా వచ్చింది. ప్రకటనల్లో ఆ సంగతి రాయరు. గేరు పక్కన రెండో లివర్ లేకపోతే అది ఫోర్ బై ఫోర్ కాదు. ఫోర్ బై ఫోర్ థార్ ఇంజన్లు 1,500 సీసీ పైబడినవి కాబట్టి థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి) బీమా ప్రీమియం కూడా ఎక్కువ. 2022 జూన్ పట్టిక ప్రకారం ఏడాదికి 7,897. జిమ్నీకి 3,416.

బండిని చూడ్డానికి వెళ్లేటప్పుడు మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి, ర్యాంపు మీద ఎత్తించి కింద నుంచి చూడండి. సముద్రం దగ్గర నిలిపిన బండ్లకు ఉప్పుగాలి వల్ల ఛాసిస్ అతుకుల దగ్గర తుప్పు పడుతుంది. పైపైన నల్ల అండర్‌కోటింగ్ కొత్తగా కొట్టి ఉంటే స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) గుండు కింద, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక యాక్సిళ్లకు శక్తి పంచేది) కింద రాయి తగిలిన దెబ్బలున్నాయా, స్టీరింగ్ రాడ్లు వంగాయా చూడండి. ముందు రెండు చక్రాల వెనక గుండ్రటి కింగ్‌పిన్ (చక్రం పక్కకు తిరిగే కీలు) హౌసింగ్ నుంచి గ్రీజు, ఆయిల్ కలిసి కారుతుంటే సీలు పోయినట్టు. 60 నుంచి 80 వేగంలో స్టీరింగ్ అదిరితే ముందు టైర్ల బ్యాలెన్సింగ్, తర్వాత ఆ కింగ్‌పిన్ బేరింగులు అనుమానించాలి.

ముందు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ కొద్దిగా తీయించండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. అలాంటి బండికి బేరం పెట్టకండి. సీటు బెల్టులు చివరిదాకా లాగితే మట్టి గీత కనిపిస్తే వరదలో మునిగిన బండి. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు పొంగి ఎన్నో కార్లు మునిగాయి. ఆ నెలలో ఇన్సూరెన్సు క్లెయిమ్ ఏమైనా ఉందా అని పాలసీ వివరాలతో తప్పక ఆరా తీయండి.

మట్టి నేల మీద 2హెచ్ (వెనక చక్రాలు మాత్రమే) నుంచి 4హెచ్‌కి (నాలుగు చక్రాలు), బండి ఆపి 4ఎల్‌కి (నాలుగు చక్రాలు, తక్కువ గేరు) వేయించి నడపండి. డాష్‌బోర్డులో ఫోర్ బై ఫోర్ దీపం మిణుకుతూనే ఉండిపోతే, లేక లివర్ బిగుసుకుంటే వెనక్కి తగ్గండి. జిమ్నీలో ముందు వెనక యాక్సిళ్లను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేదు. పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో తిప్పితే ముందు వెనక యాక్సిళ్లు ఒకదాన్నొకటి లాక్కుని టైర్లూ, గేర్లూ అరుగుతాయి. పాత ఓనరు హైవే మీద కూడా 4హెచ్‌లో నడిపానని గర్వంగా చెబితే అది బండిలో లోపం కిందే లెక్క. మీరూ మట్టి దారి మొదలయ్యాకే వేయండి, తారు రాగానే తీసేయండి.

టైర్లు 195/80 ఆర్15 సైజే ఉండాలి. పెద్ద టైర్లు, బండిని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, ముందు ఇనుప గార్డు ఉన్న బండికి ఎక్కువ ఇవ్వకండి, తక్కువ ఇవ్వండి. ముందు గార్డులు నిషిద్ధం, ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా తెరుచుకోకుండా చేస్తాయి, క్లెయిమ్ దగ్గర చిక్కు తెస్తాయి. టైర్లు మార్చాల్సి వస్తే అదే సైజులో ఆల్ టెర్రైన్ రకం చాలు.

రిజిస్ట్రేషన్ నంబరుతో నెక్సా సర్వీసు సెంటర్లో సర్వీసు చరిత్ర తీయించండి. అప్పట్లో మారుతి వారంటీ రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు, మూడేళ్లు అయ్యింది 2024 జూలై నుంచే. కాబట్టి ఈ బండికి ఎక్స్‌టెండెడ్ వారంటీ కొని ఉంటే తప్ప 2026 జనవరితో వారంటీ ముగిసింది. కొని ఉంటే అది మీకు బదిలీ అవుతుంది, దానికోసం పదివేలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

కొరాపుట్ వైపు ఒడిశా నంబరు బండ్లు మీకు ఇంకా చౌకగా కనిపిస్తాయి. వాటికి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఏపీలో బండి వయసును బట్టి లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. ఆ మొత్తం కలిపాకే ధర పోల్చండి. ఏపీ నంబరు అయితే లైఫ్ టాక్స్ మొదటి ఓనరు కట్టిందే చెల్లుతుంది.

డబ్బు ఇచ్చే రోజున పేరు మార్పిడికి ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 మీద సంతకాలు తీసుకోండి. ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే లోను తీరిందని చూపే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్‌లో పాత చలానాలు చూడండి. బండి అందుకున్న తేదీ, సమయం రాసిన కాగితం ఇద్దరి దగ్గరా ఉండాలి. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మీ పేరుకు మార్చాలి. పాత ఓనరు సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు వచ్చే ప్రీమియం తగ్గింపు) బండితో రాదు, ఆ తేడా మీరే కట్టాలి. మొదటి మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ 2027 జనవరి దాకా ఉంటుంది. సొంత బండి నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజీ పాలసీ మాత్రం ఏటా మారుతుంది, అది నడుస్తోందో లేదో విడిగా చూడండి. బండి మీ పేరు మీదే పెట్టండి. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా రిజిస్టర్డ్ ఓనరుకే వర్తిస్తుంది, రోజూ నడిపేది మీరు.

పాలసీలో ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తప్పనిసరి. వాగులో నీళ్లు ఇంజన్లోకి పోయి పిస్టన్ రాడ్లు వంగితే మామూలు పాలసీ ఇవ్వదు. ఆ యాడ్-ఆన్ ఉన్నా, నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నిస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఆగిందంటే తాళం తీసి, దిగి, తోయించి బయటకు తెచ్చి సర్వీసు సెంటరుకు ఫోన్ చేయండి. వాగు మోకాలి దాటి ఉన్న రోజున దిగకండి, బడికి ఆలస్యమైనా ఫర్వాలేదు.