బెంగళూరు జీతంలో నెలాఖరుకు మిగిలేదెంత?

ప్రశ్న: విశాఖపట్నంలో నాన్నగారి ఇంట్లో ఉంటున్నాం. నా జీతం చేతికి 72,000 రూపాయలు వస్తుంది, నా భార్య ట్యూషన్ల మీద 12,000 సంపాదిస్తుంది, బాబు బడి ఫీజుతో కలిపి నెల ఖర్చు 46,000. బెంగళూరులో 1,10,000 ఇస్తామంటున్నారు. అక్కడ చూసిన ఇంటికి మెయింటెనెన్సుతో అద్దె 35,000, అడ్వాన్సు 2 లక్షలు. వెళ్లడం లాభమేనా?

జవాబు: జీతాన్ని జీతంతో కాక, మిగులును మిగులుతో పోల్చి చూడండి. ఇప్పుడు మీ ఇద్దరి సంపాదనలో నెలకు 38,000 మిగులుతోంది. బెంగళూరులో పాత ఖర్చులకు తోడు అద్దె 35,000, బడి ఫీజులో పెరుగుదల 7,000, రాకపోకలకూ పెరిగిన ధరలకూ 5,000, పండగలకు, పెద్దవాళ్లను చూడడానికి విశాఖ వచ్చి వెళ్లేందుకు సగటున 4,000 వేసుకుంటే ఖర్చు 97,000కు చేరుతుంది. ట్యూషన్ల ఆదాయం ఆగిపోతుంది కాబట్టి చేతిలో మిగిలేది 13,000 మాత్రమే. ఇప్పటి పొదుపును నిలబెట్టుకోవాలంటే మీకు 1,35,000 చేతికి రావాలి.

అందువల్ల ఈ జీతానికి వెళ్లమని నేను చెప్పలేను. మీ భార్యకు అక్కడ పని దొరకడం ఖాయమైతే, లేదా రెండు మూడేళ్లలో హోదా పెరిగే ఉద్యోగమైతే లెక్క మారుతుంది. అయితే ఆ 1,10,000 సీటీసీని (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చును) పన్నెండుతో భాగించగా వచ్చిన అంకె కాదని ముందు నిర్ధారించుకోండి. యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే మొత్తం) అందులో ఉంటే నెలనెలా అంత చేతికి రాదు. అద్దె కడుతున్నాం కదా, హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను తగ్గుతుందని అనుకుంటున్నారేమో, ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది.

అడ్వాన్సు సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. ఆ 2 లక్షలకు వడ్డీ రాదు, పైగా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం బెంగళూరులో మామూలే కనుక, ఎంత పట్టుకుంటారో ఒప్పందంలో ముందే రాయించుకోండి. వేసవిలో ట్యాంకర్ నీళ్లు కొనే అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్సు పెరుగుతుంది; పోయిన ఏప్రిల్, మే నెలల్లో ఎంత వసూలు చేశారో అక్కడ ఉంటున్నవాళ్లనే అడగండి. కారు ఉండి, దాన్ని 12 నెలలకు మించి అక్కడ ఉంచదలచుకుంటే, ఇక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని కర్ణాటకలో రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి, అక్కడి జీవితకాల పన్ను కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో కట్టిన దానిలో మిగిలిన కాలానికి వాపసు కోరవచ్చు.

ఈ ఒక్కసారి ఖర్చుల కోసం ఆరు నెలల అత్యవసర నిధిని దయచేసి ముట్టుకోవద్దు. సామాన్ల రవాణా, మొదటి నెల బస ఖర్చులు కంపెనీని భరించమని అడగండి, జీతం పెంచమనీ అడగండి. వాళ్ల జవాబు రాతపూర్వకంగా చేతికి వచ్చేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వకండి.