ముందు కార్డు చేత్తో పట్టుకుని చూడు

తమ్ముడూ,

పాత బేస్‌బాల్ కార్డుల మీది బొమ్మల గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగుంది, కానీ మొదటి పేరా మాత్రం కొట్టెయ్. టాప్స్ కంపెనీ 1952లో వేసిన ఆటగాడు మికీ మాంటిల్ కార్డు 2022లో కోటీ 26 లక్షల డాలర్లు పలికిందని అందరూ అక్కడే మొదలుపెడతారు, చదివేవాడేమో ఆ డాలర్లని రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చుంటాడు తప్ప నీ బొమ్మల దగ్గరికి రాడు. డబ్బు మాట ఎత్తాలనే ఉంటే, 1952 కార్డుల్లో అమ్ముడుపోనివాటిని 1960 ప్రాంతంలో పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించానని, వాటిని తయారుచేసిన సై బెర్గరే చెప్పుకున్న సంగతి దాని పక్కన పెట్టు. అది చాలు.

నువ్వు అసలు రాయాల్సింది మూడో పేజీలో ఒక్క వాక్యంలో తేల్చేశావు. 1953లో టాప్స్ వాళ్లు ఫొటోలు అచ్చేయకుండా, వాటిని ముందు పెట్టుకుని ఆటగాళ్ల బొమ్మలు రంగుల్లో వేయించారు. మొత్తం 274 కార్డుల సెట్. బ్రూక్లిన్‌లో చూయింగ్ గమ్ అమ్ముకునే కంపెనీ, దాంతోపాటు ఇచ్చే కార్డుల కోసమైనా పిల్లలు గమ్ కొనాలని ఇంత చాకిరీ చేసింది! కార్డు వెనక ఆటగాడి సంతకం ఉంటుంది, బొమ్మ వేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. గెరీ డ్వోరాక్ లాంటి ఒకరిద్దరి పేర్లు తర్వాత బయటికొచ్చాయి. నీ వ్యాసం ఇక్కడ కాసేపు ఆగాలి.

ఆ సెట్‌లోనే విల్లీ మేస్ ఉన్నాడు చూడు. 1953లో అతను మేజర్ లీగ్స్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ పైస్థాయి పోటీల్లో, ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, సైన్యంలో ఉన్నాడు. మైదానంలో లేని మనిషిని పిల్లలు జేబులో పెట్టుకుని తిరిగారన్నమాట. ఇంత మంచి విషయం వదిలేసి అతని హోమ్ రన్ల లెక్క రాశావేంటి?

శాచెల్ పైజ్ కార్డు ఇంకా గొప్పది. నల్లవాళ్లని మేజర్ లీగ్స్‌లోకి రానివ్వని రోజుల్లో ఏళ్ల తరబడి వాళ్లకి విడిగా ఉన్న నీగ్రో లీగ్స్‌లో బంతి విసిరి, 1947లో నల్లవాడైన జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో ఆడి ఆ తలుపు తెరిచాక, 1948లో 42 ఏళ్ల వయసులో పైజ్ మొదటిసారి మేజర్ లీగ్‌లో ఆడాడు. ఆడుతున్న రోజుల్లో టాప్స్ అతనికి వేసిన ఒకే ఒక్క కార్డు ఇది. అందులోనూ పేరు తప్పు, ఇంగ్లీషులో ‘శాచెల్’ చివర ఒక ఎల్ అక్షరం ఎక్కువ పడింది. దీని మీద నువ్వు వ్యాఖ్యానం చేయొద్దు, ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకో.

ఇంకో మాట. రాబిన్సన్‌ని ‘అమెరికా సచిన్’ అన్నావు. వద్దు, నిజంగా వద్దు. మన పాఠకుడికి బేస్‌బాల్ రాకపోవచ్చు గానీ, గుమ్మం దగ్గరే ఆపేస్తే ఎలా ఉంటుందో బాగా తెలుసు. పోలిక తీసేస్తే ఆ వాక్యం దానికదే నిలబడుతుంది.

20 మంది ఆర్టిస్టులు 20 పాత కార్డుల్ని మళ్లీ గీసిన టాప్స్ వాళ్ల ప్రాజెక్ట్ 2020 గురించి నాలుగు పేరాలు ఎక్కువ, ఒకటి చాలు. దానికంటే 2018లో టాప్స్ మొదలుపెట్టిన లివింగ్ సెట్ అనే కార్డుల వరుస నీకు పనికొస్తుంది, ఎందుకంటే జపాన్‌కి చెందిన మయూమి సెటో ఇప్పటి ఆటగాళ్లని ఆ 1953 మోడల్లోనే గీసింది.

నేనూ మొదట్లో అగ్గిపెట్టె లేబుళ్ల మీద రాస్తూ ఎన్ని రకాలు, ఎప్పటివి అని జాబితా తయారుచేశాను. ఎడిటర్ చదివి, ‘వీటిలో ఒక్కటైనా చేత్తో పట్టుకున్నావా?’ అని అడిగాడు. పట్టుకోలేదు.

నీ దగ్గరున్న పైజ్ కార్డుని స్కేలుతో కొలిచి చూడు. 1991లో మళ్లీ అచ్చేసిన 1953 సెట్ అసలుదానికంటే కాస్త చిన్నది. రీప్రింట్ అయితే రీప్రింటనే రాయి, సిగ్గుపడాల్సిందేం లేదు. ముందు ఆ పైజ్ పేరా ఒక్కటీ రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.