విశాఖ పాతబస్తీలో వందేళ్ల నాటి ఇంటిని కూల్చకుండా వారసత్వ కట్టడంగా గుర్తింపు తేవడం ఎలా?

ముందు ఇల్లు నిలబడాలి, గుర్తింపు తర్వాత. కూల్చివేతకు అనుమతి అడిగారా అని జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్‌లో ఆర్టీఐ వేయండి. రుసుము 10 రూపాయలు, కానీ జవాబుకు 30 రోజులు పట్టొచ్చు. అంతదాకా ఆగకుండా, కూల్చివేత ఆపి వారసత్వ కట్టడంగా గుర్తించమని జీవీఎంసీ కమిషనర్‌కు అర్జీ ఇచ్చి, వీఎంఆర్‌డీఏకు (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ), రాష్ట్ర పురావస్తు శాఖకు నకళ్లు పంపండి. ముద్ర వేసిన రసీదు తప్పనిసరి. రేపు హైకోర్టులో యథాతథ స్థితి కోరడానికి అదే ఆధారం.

అర్జీకి పాత దస్తావేజు, పన్ను రసీదులు, కొలతలతో నక్షా, మద్రాసు టెర్రస్ (దూలాలపై ఇటుక, సున్నంతో వేసిన పాతకాలపు పైకప్పు), టేకు దూలాల ఫొటోలు జతచేయండి. 'చాలా పాతది' అంటే ఎవరూ పట్టించుకోరు.

ఎక్కువ ఇళ్లు పోయేది 'శిథిల భవనం' నోటీసుతోనే. దానికి విరుగుడు, మరమ్మతు సాధ్యమేనని స్ట్రక్చరల్ ఇంజనీరు ఇచ్చే నివేదిక. సున్నపు గోడకు సిమెంటు పూత మాత్రం వద్దు: ఉప్పుగాలి తేమ లోపలే చిక్కి ఇటుక పొడిపొడిగా రాలుతుంది.

యజమాని ఒప్పుకోకపోతే పని కష్టమే. బదలాయించగల అభివృద్ధి హక్కు, అంటే టీడీఆర్ (ఇక్కడ వదులుకున్న నిర్మాణ హక్కును మరోచోట వాడుకోవడం లేదా అమ్ముకోవడం), వచ్చే వీలుందేమో ముందే కనుక్కుని ఆయనతో మాట్లాడండి.