సోమవారం దగ్గు ఏ పద్దులో రాయాలి?

ప్రశ్న: పరకాల దగ్గర పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్, కార్మికుల వ్యవహారాలు రెండూ నేనే చూస్తాను. సీజన్‌లో అరవై మంది పనిచేస్తారు. చాలామందికి దగ్గు, ఆయాసం. దుమ్ము లాగే ఫ్యాన్లు బాగుచేయించడానికి, మాస్కులకు, నెలకోసారి డాక్టర్‌ను రప్పించడానికి 1,80,000 రూపాయలు అడిగాను. మా ఫైనాన్స్ మేనేజర్ గారు "దీనివల్ల ఎంత మిగులుతుందో చూపించు, సంతకం పెడతా" అన్నారు. ఆరోగ్యానికి లెక్క ఎట్లా చూపించాలి సార్?
— ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: అమ్మా, ఇరవై ఆరేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని నేను. మీ మేనేజర్ గారికి జాలి లేదని అనుకోకండి. ఆయన చూసేది వోచర్. ఫ్యాన్ రిపేరుకు బిల్లు వస్తుంది, దగ్గుకు రాదు.

నూలు వడికే స్పిన్నింగ్ మిల్లులో అయితే కనీసం ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా పద్దు ఉంటుంది. నెలకు 21,000 లోపు జీతమున్నవాళ్లకు యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం చేతికొస్తుంది. పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ మాత్రమే చేసే మిల్లును సీజనల్ ఫ్యాక్టరీ అని ఈఎస్ఐ చట్టం పక్కన పెట్టింది. అంటే మీ లెడ్జర్‌లో కార్మికుడి జబ్బుకు అసలు పద్దే లేదు. అందుకే "రానివాడికి కూలి లేదు, మనకేం ఖర్చు?" అంటారు. నేనూ అన్నాను. కానీ కూలి పోతుందని మనిషి జబ్బుతోనే పనికి వస్తాడు. నష్టం అక్కడుంది. రాకపోతే హాజరు రాసే మస్టర్‌లో తెలుస్తుంది. వచ్చి సగం పనే చేయగలిగితే ఆ సగం ఎక్కడా రాసి ఉండదు.

ఒక డిసెంబరులో దూదిని నొక్కి బేళ్లు కట్టే ప్రెస్ దగ్గర పనిచేసే ఆయన నా కిటికీ ముందుకొచ్చాడు. నలభై ఏళ్లుంటాయేమో. కనుబొమ్మల మీద, మీసాల మీద దూది నూగు. కిటికీ చువ్వ పట్టుకొని, ఊపిరి కూడదీసుకొని అన్నాడు: "సారూ, ఆదివారం మంచిగనే ఉంట. సోమారం మిల్లుకు రాంగనే ఛాతీ పట్టేసినట్టైతది. రెండ్రోజులు లీవియ్యి, ఎంజీఎం దవాఖానల సూపిచ్చుకుంట." అప్పట్లో జీతంతో సెలవు రావాలంటే ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలి. సీజన్ కూలీకి అన్ని రోజులు ఎక్కడివి? రూల్ చెప్పి పంపించేశాను. ఆయన ఆస్పత్రికి పోలేదు, మళ్లీ ప్రెస్ దగ్గరికే పోయాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

సెలవు తర్వాత మొదటి రోజే ఛాతీ బిగుసుకోవడం పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు లక్షణమని తర్వాత ఒక డాక్టర్ చెప్తే తెలిసింది. చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి రోగాల్లో అదొకటి. ఆ రాత్రే మస్టర్, ఫిట్టర్ డైరీ, బేళ్ల రిజిస్టరు మూడూ పక్కపక్కన పెట్టుకున్నాను. చాలా సోమవారాలు బేళ్లు తగ్గాయి, మెషీన్లు ఎక్కువసార్లు ఆగాయి. పత్తి వేసే చెయ్యి తడబడితే రోలర్ దగ్గర ఇరుక్కుంటుంది, ఫిట్టర్ రావాలి, బయట లారీ ఆగాలి. తగ్గిన బేళ్లకు సాయంత్రం ఓవర్‌టైం. ఆ ఓవర్‌టైం వోచర్ల మీద సంతకాలన్నీ నావే.

మీరు చేయాల్సింది కూడా ఇదే. పోయిన సీజన్ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారం వారీగా తీయండి: ఎంతమంది రాలేదు, వాళ్ల బదులు ఎవరిని పెట్టారు, మెషీన్ ఎన్ని గంటలు ఆగింది, ఓవర్‌టైం ఎంత. గంట ఆగితే మిల్లుకు ఎంత నష్టమో మీరు రాయకండి, మేనేజర్ గారినే అడిగి ఆయన చెప్పిన రేటే వేయండి. తన రేటును ఆయన కాదనలేరు. ఒకే గంటను మెషీన్ ఆగిన కింద ఒకసారి, ఓవర్‌టైం కింద ఇంకోసారి చూపించొద్దు. కరెంటు పోయి ఆగిన గంటలు, పెళ్లిళ్లకు పోయిన రోజులు తీసేయండి. అంతా దుమ్ము మీదికి నెడితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. లెక్క చిన్నదైనా ఫరవాలేదు, గట్టిగా నిలబడాలి.

1,80,000 ఒకేసారి అడగొద్దు. ముందు ఫ్యాన్లు. ముఖానికి కట్టుకునే స్కార్ఫ్ సన్న దుమ్మును ఆపదు, దుమ్మును పుట్టేచోటే లాగేయాలి. ఆ తర్వాత డాక్టర్. సోమవారం పొద్దున పనికి ముందు ఒకసారి, షిఫ్టు దిగాక ఒకసారి ఊపిరి పరీక్ష చేయమనండి. రెండింటికీ తేడా కనిపిస్తే ఆ మనిషిని దుమ్ము లేని పనికి మార్చండి, కూలి మాత్రం తగ్గించొద్దు. కూలి తగ్గుతుందని తెలిస్తే దగ్గు దాచుకుంటారు.

లెక్క తీశాక ఆ కాగితం నాకు పంపండి. మేనేజర్ గారి టేబుల్ మీదికి పోయేముందు ఒకసారి చూసి పెడతాను.