అమ్మ పోయాక "స్తోత్రం" అనే మాట నాకు మళ్ళీ ఎలా వచ్చిందంటే

సిస్టర్, మీ నాన్నగారు ప్రభువునందు నిద్రించి, అంటే చనిపోయి, నాలుగు నెలలైందని, సంఘంలో అందరూ "అన్నిటికీ కృతజ్ఞత చెల్లించాలమ్మా" అంటుంటే మీకు నోరు రావడం లేదని, ఇది అవిశ్వాసమా అని అడిగారు. కాదు. ఈ మాట చెప్పేవాళ్ళు నాకు చాలా ఆలస్యంగా దొరికారు, అందుకే ముందే చెప్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అమ్మ 2019 ఆగస్టులో పోయింది. అంతకు ముందు పక్షవాతంతో పదకొండు నెలలు మంచంలో ఉంది. పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి "దేవునికి స్తోత్రం" అన్నాను. ఆ మాట నాది కాదని నాకు తెలుసు. "ఆమె మీద ప్రేమ ఎక్కువై దేవుడు తీసుకెళ్ళాడు" అని ఎవరో అంటే, మరి నా మీద లేదా అని లోపల మండిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు బైబిల్ తెరవలేదు.

మా ఇళ్ళల్లో పిడికెడు బియ్యం తీసే అలవాటు మీకు తెలిసే ఉంటుంది. వంటకి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తీసుకెళ్తాం. అమ్మకి అదొక పాత డాల్డా డబ్బా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క పూట కూడా మానలేదని చెప్పేది. కుడి చెయ్యి పడిపోయాక కూడా ఒప్పుకోలేదు. వంట నేను చేసినా సరే, బియ్యం గిన్నె, డబ్బా రెండూ మంచం దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. ఎడమ చేత్తో తీసేది. సగం గింజలు దుప్పటి మీద పడేవి. రోజుకి రెండు పూటలా అవి ఏరడం నా పని. ఒకరోజు పని తొందరలో విసుక్కున్నాను: "నేను వేస్తానులే అమ్మా, నీకెందుకీ అవస్థ." ఆమె ఏమీ అనలేదు. చెయ్యి మాత్రం గిన్నెలోంచి తీయలేదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ గుండె పిండేసినట్టు ఉంటుంది.

చివరి నెలన్నర మేమెవరం మందిరానికి వెళ్ళలేదు కాబట్టి డబ్బా నిండుతూ వచ్చింది. అమ్మ పోయాక దాన్ని ముట్టుకోలేకపోయాను. అక్టోబరు చివర్లో, స్త్రీల సమాజంలో అమ్మతో కలిసి తిరిగిన పెద్దావిడ ఒకరు ఇంటికొచ్చారు. వాక్యం చెప్పలేదు, ప్రార్థన కూడా చెయ్యలేదు. డబ్బా మూత తీసి చూసి, "పురుగు పడుతోందమ్మా, చెరిగి పట్టుకెళ్దామా?" అన్నారు. ఇద్దరం వాకిట్లో కూర్చున్నాం. ఆవిడ చేటతో చెరుగుతుంటే నేను పురుగులు ఏరుతున్నాను. ఒక్కో పిడికెడూ ఆ ఎడమ చేతిదే కదా అనిపించింది. పెద్దగా ఏడ్చేశాను. ఏడుస్తూనే, "ప్రభువా, ఈ చెయ్యిని నాకు ఇన్నాళ్ళు ఇచ్చావు" అన్నాను. అమ్మ పోయిన తర్వాత నేను మనసుతో చేసిన మొదటి ప్రార్థన అదే.

గమనించండి, నేను ఆమె చావు కోసం స్తోత్రం చెప్పలేదు. మనకి చూపించే వచనం ఎప్పుడూ మొదటి థెస్సలొనీకయులకు 5:18. అందులో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని ఉంది. "అందును" అంటే ఆ పరిస్థితిలో ఉండగా కూడా అని నేను అర్థం చేసుకున్నాను. ఎఫెసీయులకు 5:20లో "సమస్తమునుగూర్చి" అనే మాట కూడా ఉందని ఎవరైనా మీకు గుర్తు చేయవచ్చు. నిజమే, ఉంది. నేను ఆ మాట దాకా ఇంకా చేరలేదు. చేరనందుకు దేవుడు నన్ను తోసేస్తాడని అనుకోవడం లేదు. చనిపోయిన తన స్నేహితుడు లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. "ఏడవకు, పరలోకంలో కలుస్తావుగా" అనేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలు, విలాపాలే. 88వ కీర్తన చదివి చూడండి, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. చివర్లో స్తోత్రం లేదు, అయినా అది బైబిల్లోనే ఉంది. స్తోత్రం రాని రాత్రుల్లో నేను దాన్నే పైకి చదివేదాన్ని.

ఆ తర్వాత నాకు ఉపయోగపడింది చిన్న పద్ధతి. "నీ మేలులన్నిటికీ వందనాలు" అని మొత్తంగా చెప్పడం మానేశాను. రాత్రి ప్రార్థనలో అమ్మకి సంబంధించి ఒకే ఒక్క విషయం చెప్పేదాన్ని. గోంగూర పచ్చడిలోకి మిరపకాయలు వేయిస్తూ దగ్గుకుంటూ నవ్వడం. పదో తరగతి ఫీజుకి చెవి దిద్దులు తాకట్టు పెట్టి నాకు చెప్పకపోవడం. కొన్ని రాత్రులు ఏమీ వచ్చేది కాదు, ఊరికే కూర్చుని లేచేదాన్ని. నవంబరు 2న సమాధుల పండుగకి అందరిలాగే సున్నం కొట్టి, కొవ్వొత్తి పెట్టి వచ్చాను. ఆరోజు ఏమీ తేలిక కాలేదు, చాలా భారంగా ఇంటికొచ్చాను. ఇలా మంచి రోజూ చెడ్డ రోజూ కలిసే వస్తాయి, కంగారు పడకండి.

ఇంకొకటి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలని లేదనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి. ప్రార్థనలోనే తగ్గిపోవాలని పంతం పట్టొద్దు. జ్వరానికి మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు కదా, ఇదీ అంతే.

ఆ డబ్బా ఇప్పుడు నా వంటింట్లో ఉంది. రెండు పూటలా నేనే వేస్తున్నాను.

మీకు వీలైతే నాన్నగారి గురించి ఒక్క విషయం ఇక్కడ రాయండి. ఎంత చిన్నదైనా సరే, పేరు అక్కర్లేదు. ఆయన టీ ఎలా తాగేవారో రాసినా చాలు. రేపు ఉదయం దానికోసం మీ బదులు నేను స్తోత్రం చెప్తాను. మీకు నోరు వచ్చేదాకా చెప్తూ ఉంటాను.